కోపం వచ్చిన బావ

"సింహా... సనం... కూలిం... ఓవర్."

ఆ రేడియోది జలుబు చేసిన కప్ప గొంతు. పది మాటలు మింగి రెండు మాటలు కక్కుతుంది. లువాంగ్వా నది ఒడ్డున ఏనుగులరేవు క్యాంపులో బయల్దేరిన ఈ వాక్యం పన్నెండు కిలోమీటర్ల దుమ్ములో దొర్లి, ముళ్ళపొదల్లో చిరిగి, గైడు కసోండే జీపులోకి చేరేసరికి పీలికలై పోయింది.

"సింహం కూర్చుందట!" అని అరిచాడు కసోండే. "మన క్యాంపులోనే!"

వెనక సీట్లో డెక్కర్ దొరసాని సగం లేచి మళ్ళీ కూలబడింది. హాలండు నుంచి వచ్చిన డెక్కర్ దంపతులిద్దరూ మంచి పుష్టిగలవాళ్ళు. జంటగా నడిచొస్తుంటే అసలు సిసలు డబుల్ డెక్కరే. ఆవిడ ఆరు రోజులుగా సింహం కోసం అడవంతా జల్లెడ పడుతోంది. ఇంతవరకూ దొరికింది ఒక సింహం తోక, అదీ పొదలోకి వెళ్ళిపోతూ.

"క్యాంపులో మా ఆయన ఉన్నారు!" అందావిడ. "కడుపు బాగాలేదని ఉండిపోయారు!"

ఆవిడ మొహంలో భయమూ ఆనందమూ ఒకే సీటు కోసం తోసుకున్నాయి. కసోండే జీపుని తిప్పాడు. దారిలో రెండు జింకలు, ఒక ముంగిస, వాళ్ళకి తోవ ఇచ్చి తిట్టుకున్నాయి.

క్యాంపులో సింహం లేదు. ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో విరిగిన చెక్కతో, క్యాంపు చూసుకునే తోకో నిలబడి ఉంది.

"ఏదీ సింహం?"

"సింహం అని ఎవరన్నారు? సింహాసనం అన్నాను! సింహాసనం కూలింది!"

గుడారాల్లో ఉన్న కమోడుకి క్యాంపు వాళ్ళు పెట్టుకున్న రహస్యనామం అది. అతిథుల చెవిన పడితే బాగుండదని రేడియోలో అలాగే చెప్పుకుంటారు. ఈలోగా గుడారం తెర తొలగించుకుని డెక్కర్ దొర నడుముకి తువ్వాలుతో, మొహాన గాంభీర్యంతో బయటికి వచ్చాడు.

"కంగారు పడకు," అన్నాడు భార్యతో. "ప్రాణం ఉంది. రాజ్యం పోయింది, అంతే."

తోకో సుత్తి ఊపుతూ కసోండే వైపు తిరిగింది. "చెవుల్లో ఏం కూరుకున్నావు బావా, కోతి మాంసమా?"

"కోతి మాంసం చెవుల్లో పెట్టుకుని పాడుచేస్తామా మరదలా? మాకు దానికి నోరుంది. మీలాగా ఎలకని తోక పట్టుకుని సేమ్యాలా జుర్రుకోవడం మా ఇంటా వంటా లేదు."

"మీ ఇంట వంటే లేదు, ఇంక ఎలకెక్కడిది!"

డెక్కర్ దొరసానికి ఒక్క మాటా అర్థం కాలేదు. ఆడమనిషి చేతిలో సుత్తి, మగమనిషి మెడమీద పొంగిన నరం మాత్రం కనిపించాయి. ఇవాళ ఇది నాలుగో గొడవ అని ఆవిడ వేళ్ళమీద లెక్కపెట్టుకుంది.

గొడవా పాడా! కసోండే బెంబా తెగవాడు. తొకోజిలే జెరే, అంటే మన తోకో, న్గోనీ తెగ పిల్ల. వాళ్ళ ముత్తాతలు ఈటెలతో పొడుచుకుని పొడుచుకుని, చేతులు నొప్పెట్టి ఈటెలు కింద పారేసి నాలుకలు తీశారు. ఆనాటి నుంచీ బెంబావాళ్ళంతా న్గోనీవాళ్ళందరికీ వేళాకోళపు చుట్టాలు. కోతులు తినేవాళ్ళని వీళ్ళు, ఎలకలు తినేవాళ్ళని వాళ్ళు. చావింట్లో కూడా ఈ బావ పాతిపెట్టే గుంటలోకి దిగి పడుకుని, "నాకు సరిగ్గా సరిపోయింది, మీ ముసలాయనకి వేరేది తవ్వుకోండి" అంటాడు. ఏడ్చేవాళ్ళు ఏడుపు మధ్యలో నవ్వి తీరాలి. దీనికి ఉన్నది ఒకటే నియమం: కోపం రాకూడదు. వచ్చినవాడు కోడిని జరిమానాగా ఇవ్వాలి, పైగా పరువు కూడా.

కసోండేకి కోపం ఎప్పుడూ రాలేదు. వచ్చింది ప్రేమ. దానికి జరిమానా ఎంతో ఎవరూ రాసిపెట్టలేదు.

రెండేళ్ళ క్రితం ఒక ఏనుగు వంటగుడారంలోకి తల దూర్చింది. వంటాయన బల్లకింద, కసోండే చెట్టుమీద. తోకో మాత్రం మూకుడు మీద గరిటెతో టంగుమని కొట్టి, "మామిడికాయలు వచ్చే నెల అని చెప్పానా లేదా? నీకు చెవులు అంతంత ఉండి ఏం లాభం?" అని నిలదీసింది. ఏనుగు ఒక్క క్షణం ఆలోచించి, చెప్పినట్టు గుర్తొచ్చిందేమో, వెనక్కి వెళ్ళిపోయింది. చెట్టుమీంచి దిగిన కసోండే మనసు మాత్రం ఇవాళ్టికీ దిగలేదు. పేరులోనే తోక ఉన్న పిల్ల. ఆ తోక పట్టుకునే అతను లువాంగ్వా ఈదుతున్నాడు. అవతలి ఒడ్డు కనపడటం లేదు.

ఎల్లుండితో సీజను ఆఖరు. వానలు దిగితే దారులన్నీ బురద, క్యాంపు ఆరు నెలలు మూత. ఈ రెండు రోజుల్లో చెప్పకపోతే చెప్పేది మళ్ళీ జూన్‌లోనే.

ఆ సాయంత్రం నది ఒడ్డున మడతకుర్చీలు వేశారు. ఒడ్డు గోడలో కన్నాలు చేసుకున్న ఎర్ర పిట్టలు వందలుగా లేస్తూ వాలుతూ ఉంటే, డెక్కర్లు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. తోకో గ్లాసుల బల్ల దగ్గర నిమ్మకాయలు కోస్తోంది.

"తోకో, ఒక మాట."

ఆమె కత్తి ఆపింది. "పేరు పెట్టి పిలుస్తున్నావు. జ్వరమా బావా?"

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

తోకో కత్తి కింద పెట్టి వేళ్ళు మడిచింది. "ఈ నెలలో నువ్వు ఐదోవాడివి. వంటాయన చిసాంగా ప్రతి సోమవారం అడుగుతాడు, ఆయనకి ఒక పెళ్ళాం, ఆరుగురు పిల్లలు. డీజిలు లారీ డ్రైవరైతే కిందకి కూడా దిగలేదు, కిటికీలోంచే అడిగాడు. క్యూలో నిలబడు."

"వాళ్ళది వేళాకోళం. నాది నిజం."

"ఆ ముక్క కూడా అందరూ అన్నదే. కోతులు తినేవాళ్ళు అబద్ధాలు ఆడతారా?" అని పకపకా నవ్వింది. నదిలో ఉన్న హిప్పో కూడా హుహ్హుహ్హూ అని ఆమెతో కలిసింది. దానికైనా విషయం తెలుసో లేదో!

కసోండేకి అప్పుడు తెలిసొచ్చింది: ఊరందరికీ బావ అయినవాడు ఎవరికీ మొగుడు కాడు.

"నోటితో చెబితే నవ్వుతారురా," అన్నాడు వంటాయన చిసాంగా, మర్నాడు పొద్దున ఉల్లిపాయలు తరుగుతూ. ఆయనా బెంబావాడే. "పళ్ళేలతో చెప్పాలి. పళ్ళేలతో వేళాకోళం ఎవడూ ఆడడు. నేను వెళ్తాను మధ్యవర్తిగా."

ఒక పళ్ళెంలో తెల్లపూసలు పోసి, ఇంకో పళ్ళెం దానిమీద బోర్లించి, తెల్లగుడ్డలో మూటకట్టి పిల్ల పెద్దకి అందించాలి. ఆ ఇంటివాళ్ళు ఉంచుకుంటే సరేనని. తిప్పి పంపితే వద్దని. పిల్ల పెద్ద ఎంతో దూరంలో లేడు. తోకో మేనమామ జాఫెత్ జెరే ఆ క్యాంపులోనే తుపాకీ కాపలాదారు. నడకకి వెళ్ళే అతిథుల ముందు తుపాకీ భుజాన వేసుకుని నడుస్తాడు. ముప్ఫై ఏళ్ళలో రెండుసార్లు కాల్చాడు. రెండూ ఆకాశానికే తగిలాయి.

"చిసాంగా మావయ్యా," అని బతిమాలాడు కసోండే, "దణ్ణం పెడతాను, అక్కడ మాత్రం ఎలకల ఊసెత్తకు."

"నాకు తెలీదట్రా? ఇది పెళ్ళి మాట. బిగుసుకుని ఉంటాను."

బిగుసుకునే వెళ్ళాడు. వంటగుడారం చాటు నుంచి కసోండే చూస్తున్నాడు. జాఫెత్ చెట్టునీడన తుపాకీ తుడుచుకుంటున్నాడు. చిసాంగా ఆయన ముందు రెండు మోకాళ్ళమీద కూర్చున్నాడు. మూట రెండు చేతులా పట్టుకున్నాడు. అంతా బ్రహ్మాండం.

"ఏంటి చిసాంగా, మోకాళ్ళు అరిగాయా?" అన్నాడు జాఫెత్.

చిసాంగా పెదాలు కరుచుకున్నాడు. మెడ బిగిసింది. బుగ్గలు ఉబ్బాయి. యాభై ఏళ్ళ అలవాటు, ఒక్క నిమిషం నిర్ణయం. ఏది గెలుస్తుంది?

"అరక్క ఏం చేస్తాయి బావగారూ, వంగి వంగి మీ ఎలకల్ని బొరియల్లోంచి లాగి లాగి!"

అంతే. జాఫెత్ నవ్విన నవ్వుకి తుపాకీ ఒళ్ళోంచి జారింది. మూట విప్పి పూసలు చూసి ఇంకా నవ్వాడు. చిసాంగా కూడా నేలమీద పడి దొర్లాడు. మధ్యవర్తి మధ్యలోనే వర్తించడం మానేశాడు.

మధ్యాహ్నానికి పళ్ళేలు తిరిగొచ్చాయి. పూసల మీద ఒక దోసెడు ఎండు రేగుపళ్ళు. "కోతిపిల్లకి పెట్టు, మారాం చేస్తోంది" అని చెప్పి పంపాడు జాఫెత్.

"పళ్ళేలు తిరిగొస్తే వద్దని అర్థం," అన్నాడు కసోండే, పూసలు జేబులో పోసుకుంటూ. "రేగుపళ్ళతో తిరిగొస్తే ఏమని అర్థం?"

"గింజలు ఉమ్మెయ్యమని," అన్నాడు చిసాంగా ఒకటి నోట్లో వేసుకుంటూ.

అటు చూస్తే ఇంకో పని జరుగుతోంది. సింహాసనం సంగతి విని క్షమాపణ చెప్పుకుందామని మేనేజరు రేడియోలోకి వచ్చాడు. లండన్ నుంచి కొత్తగా దిగినవాడు, బావల సంగతి తెలియదు. డెక్కర్ దొరసాని మైకు అందుకుంది. ఆవిడ చాలా మంచి మనిషి. అడవిలో ఏనుగు ఎదురైతే తప్పుకోవచ్చు. మంచి మనిషి ఎదురైతేనే తప్పించుకోలేం.

"సింహాసనం మాట వదిలేయండి. మీ గైడుకీ క్యాంపు చూసుకునే ఆ అమ్మాయికీ క్షణం పడటం లేదు. నిన్న సుత్తి ఎత్తింది పాపం. ఎవరికైనా దెబ్బ తగలకముందే వాళ్ళిద్దర్నీ విడదీయండి."

మేనేజరు చురుకైనవాడు. సాయంత్రానికే ఆర్డరు వచ్చింది. వచ్చే సీజను నుంచి తోకోకి కాఫ్యూ అడవిలో ఉద్యోగం. కాఫ్యూ అంటే దేశానికి ఆ చివర. ఎందుకు మారుస్తున్నారో ఆర్డరు చెప్పలేదు.

"మంచిదే," అంది తోకో. "అక్కడ బెంబావాళ్ళు తక్కువట. చెవులకి విశ్రాంతి." ఆ మాట అందరికంటే ముందు అంది, అందరికంటే త్వరగా నవ్వింది. తర్వాత ఉల్లిపాయలు తరగడానికి వంటగుడారంలోకి వెళ్ళింది. చిసాంగా అవి పొద్దున్నే తరిగేశాడు.

మర్నాడు పది గంటలకి లారీ సిద్ధం. తూర్పున ఆకాశం ఏనుగు వీపులా నల్లబడింది. వాన రాకముందే వాగు దాటాలి. డ్రైవరు ఇంజను ఆన్ చేసి హారను మీద చెయ్యి వేశాడు. తోకో తన రేకుపెట్టె పక్కన నిలబడింది. కాపలాదారు, వంటాయన, గుడారాలు ఊడదీస్తున్న కుర్రాళ్ళు, అందరూ చుట్టూ చేరారు. డెక్కర్ దొర మాత్రం భోజనాల బల్ల దగ్గర, కడుపు కుదుటపడిన సంతోషంలో, వేయించిన గుడ్లు తింటున్నాడు.

"ఏంటి బావా, మొహం వేలాడేశావు?" అంది తోకో. "కాఫ్యూలో కోతులు మంచి బలంగా ఉంటాయట. ఒకటి పార్శిలు చేస్తాలే."

అందరూ నవ్వారు. ఇప్పుడు కసోండే జవాబు చెప్పాలి. అది నియమం. బంతి వేస్తే కొట్టాలి. అందరూ ఎదురుచూశారు.

"వద్దు," అన్నాడు కసోండే.

"ఏం వద్దు?"

"కోతి వద్దు. నాకు నవ్వు రావటం లేదు. నువ్వు వెళ్ళిపోతుంటే నాకు కోపంగా ఉంది."

చిసాంగా చేతిలో గరిటె కిందపడింది. లారీ డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"ఒరేయ్," అన్నాడు జాఫెత్, ముందుకు వచ్చి. "ఏమన్నావు?"

"కోపం అన్నాను మామా. నీమీద కూడా! నేను పళ్ళేలు పంపితే నువ్వు పళ్ళు పంపుతావా?"

"బావకి కోపం వస్తే కోడి ఇచ్చుకోవాలి. తెలుసుగా?"

"కోడి కాదు, కోళ్ళఫారమే ఇస్తాను! ఇవాళ్టి నుంచి నేను బావని కాను. రాజీనామా! ఇంక నన్ను ఎవరూ కోతి అనక్కర్లేదు, నేను ఎవర్నీ ఎలక అనను. తోకో, నిన్ను మాత్రం తోకో అంటాను. అంతే."

ఎవరూ నవ్వలేదు. జాఫెత్ తుపాకీ భుజం మార్చుకున్నాడు. "మా తాత చెప్పగా వినలేదు, మా నాన్న చెప్పగా వినలేదు. బెంబావాడికి మామీద కోపం రావడం! వేళాకోళంలో కోపం ఉండదు." ఆయన కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. "కోపం ఉందంటే, అది వేళాకోళం కాదు."

తోకో కసోండే వైపు తిరిగింది. "నిమ్మకాయలు కోస్తున్నప్పుడు అడిగావే," అంది. "అదీ?"

"అదీ."

"క్యూలో నిలబడమన్నాను."

"నిలబడ్డాను."

ఆమె రేకుపెట్టె మీద కూలబడింది. పెద్ద చినుకు ఒకటి పెట్టె మీద టప్పుమని పడింది.

"నేను నమ్మేసి, తీరా మీరందరూ ఒకేసారి నవ్వితే నా గతేంటి?" అంది, నేలవైపు చూస్తూ. "అందుకే ముందు నేనే నవ్వేశాను. నవ్వాక పోయి చూస్తే నిమ్మకాయలన్నీ ఉప్పుగా ఉన్నాయి."

జాఫెత్ గొంతు సవరించుకున్నాడు. "పళ్ళేలేవి?"

చిసాంగా తల గోక్కున్నాడు. పెట్టెల్లో సర్దేసిన సామానంతా తలుచుకున్నాడు. తర్వాత భోజనాల బల్ల వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. మిగిలినవి ఆ రెండు పళ్ళేలే. ఒకదాంట్లో డెక్కర్ దొర గుడ్లు, ఇంకోదాంట్లో ఆయన రొట్టె.

"ఒక్క నిమిషమండీ," అంటూ చిసాంగా గుడ్లు బల్లమీదికి దొర్లించి, పళ్ళేలు పట్టుకొచ్చాడు. మొన్న రాజ్యం పోగొట్టుకున్నవాడికి గుడ్లు ఒక లెక్కా! దొర ఫోర్కుతో అక్కడే తినడం కొనసాగించాడు. కసోండే జేబులోంచి తెల్లపూసలు తీసి ఒక పళ్ళెంలో పోశాడు. చిసాంగా మోకాళ్ళమీద కూర్చుని, ఈసారి ఎందుకైనా మంచిదని నోట్లో గుడ్డ కుక్కుకుని, పళ్ళేలు అందించాడు.

జాఫెత్ మేనకోడలి వైపు చూశాడు. తోకో తల ఎత్తలేదు కానీ, ఊపింది. ఆయన పళ్ళేల అంచున ఉన్న గుడ్డుసొన చొక్కా చేత్తో తుడిచి, రెంటినీ చంకలో బిగించాడు.

"ఇవి ఇంక తిరిగిరావు," అన్నాడు.

కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆ గోలకి డెక్కర్ దొరసాని గుడారంలోంచి పరుగెత్తుకొచ్చింది. "మళ్ళీ గొడవా! వీళ్ళని విడదీయమని నేను మేనేజరుకి అంత చెప్పినా ఇంకా..."

అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి.

"చెప్పింది మీరా?" అంది తోకో.

ముత్తాతల ఈటెల దగ్గర మొదలుపెట్టి కోతులూ ఎలకలూ మీదుగా పళ్ళేల దాకా, తోకో కూర్చోబెట్టి చెప్పింది. మధ్యమధ్య కసోండే అందుకున్నాడు. దొరసాని మొహం ముందు తెల్లబడి, తర్వాత ఒడ్డుమీది పిట్టల రంగుకి వచ్చింది.

"అంటే తిట్టుకున్నది ఇష్టంతోనా? మరి ఆ సుత్తి?"

"సుత్తి సింహాసనానికండీ."

ఆవిడ నేరుగా రేడియో దగ్గరికి నడిచి మైకు నొక్కింది. మేనేజరుకి మొత్తం మళ్ళీ చెప్పింది. తప్పు తనదేననీ, వాళ్ళకి పడకపోవడం కాదు, పడిపోవడమే జరిగిందనీ, కాఫ్యూ ఆర్డరు రద్దు చేస్తే గానీ ఈ మైకు వదలననీ చెప్పింది. జలుబు రేడియో ఆ రోజు మాత్రం ఒక్క మాట మింగలేదు. నది పొడుగునా ఉన్న క్యాంపులన్నీ విన్నాయి. ముందు మేనేజరు "రద్దు, రద్దు, ఓవర్" అన్నాడు. తర్వాత ఒక్కొక్క క్యాంపు నుంచీ "బెంబావాడికి కోపం వచ్చిందా? నిజమేనా?" అని అడగడం మొదలైంది. జవాబు చెప్పి చెప్పి దొరసాని గొంతు రేడియో గొంతయింది.

జాఫెత్ కసోండే భుజం మీద చరిచి, "ఏరా కోతీ!" అనబోయి సగంలో ఆగిపోయాడు. కసోండే చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"చెప్పండి మామగారూ."

మామగారూ! పెళ్ళి పళ్ళేలు ఉంచుకున్నాక అల్లుడు పిల్ల పెద్దలతో పరాచికాలాడకూడదు. ఎదురుగా కూర్చుని తినకూడదు. కళ్ళెత్తి మాట్లాడకూడదు. జాఫెత్‌కి ఇప్పుడే అది తట్టింది. మూడేళ్ళపాటు ప్రతి పొద్దూ తనని తిట్టి నిద్రలేపిన మనిషి పోయాడు.

"ఒక్కసారి ఎలక అనరా," అన్నాడు చిన్నగా.

"తప్పండి."

"అలిగితే అలిగావు, అల్లుడివైపోయావు," అని ముసలాయన నిట్టూర్చాడు. "మీవాళ్ళలో కోపం లేనివాణ్ణి ఇంకొకణ్ణి చూసుకోవాలి." చిసాంగా నోట్లోంచి గుడ్డ తీసేశాడు.

"ఆయన్ని అనకూడదు," అంది తోకో. "నన్ను అనొచ్చు. నేను అనొచ్చు. ఏయ్ కోతిమొహం, పెట్టె లారీలోకి ఎక్కించు. వాన వస్తోంది. మా ఊళ్ళో మా అమ్మకి చెప్పడానికి నువ్వూ రావాలి."

కసోండేకి నవ్వొచ్చింది. నియమం కోసం కాదు. ఊరికే వచ్చింది. పెట్టె ఒక కొస అతను, ఒక కొస ఆమె పట్టుకున్నారు. ఎత్తలేదు. అలా పట్టుకునే ఉన్నారు. వాన ఇద్దరి మధ్యలోకి రావడానికి చోటు చూసుకుంటోంది.

"సింహం!" అన్నాడు భోజనాల బల్ల దగ్గర డెక్కర్ దొర.

"నిన్నే బాగుచేశామండీ!" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

"కాదు," అన్నాడు దొర, ఫోర్కుతో నది వైపు చూపిస్తూ.

దొరసాని మైకు వదిలేసింది. అందరూ తిరిగి చూశారు. అవతలి ఒడ్డున ఇసుకలో, తొలి వానకి జూలు తడిసిపోయి, పక్కన ఆడసింహంతో, సింహం నిజంగానే కూర్చుని ఉంది.

గైడు మాత్రం అటు చూడలేదు.